ఎముకలో మిగిలిపోయే మందు

గోదావరి ఒక ఒడ్డును కోస్తే ఇంకో ఒడ్డున మేట వేస్తుందని లంక గ్రామాల వారికి ఒకరు చెప్పక్కర్లేదు. ఎదిగే పిల్లల ఎముకలోనూ ఇదే పని రాత్రింబవళ్లు సాగుతుంది. కొన్ని కణాలు పాత ఎముకను కొరికేస్తుంటే, మరికొన్ని కొత్తది పేరుస్తుంటాయి. మోకాలి దగ్గర వెడల్పుగా పెరిగే ఎముక నడిమికి వచ్చేసరికి సన్నబడి తీరుగా నిలుస్తోందంటే, ఆ కొరికే కణాల చలవే.

బిస్ఫాస్ఫొనేట్లు సరిగ్గా ఆ కోతను ఆపే మందులు. పెళుసు ఎముకల జబ్బుతో పుట్టిన బిడ్డలకు వీటివల్ల జరిగిన మేలు తక్కువేమీ కాదు. 1998లో కెనడాలోని మాంట్రియల్ వైద్యులు, వీటిలో ఒకటైన పామిడ్రొనేట్‌ను సెలైన్‌లో ఎక్కించిన ఫలితాలు ప్రకటించారు. నొప్పులు, విరుగుళ్లు తగ్గాయి. నలిగిన వెన్నుపూసలు మళ్లీ ఎత్తు పుంజుకున్నాయి. మేం ఈ మందుకు వ్యతిరేకం కాదు.

అయితే ఇది రక్తంలోంచి త్వరగా పోతుంది గానీ ఎముకలోంచి అంత తేలిగ్గా పోదు. ఆ పిల్లల ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూడండి. మోకాలి పైనా కిందా అడ్డంగా సన్నని తెల్ల గీతలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో గీత ఒక్కో విడత సెలైన్. గీతకూ గీతకూ మధ్య ఎడం ఆ నెలల్లో బిడ్డ ఎదిగినంత. చిన్నప్పుడు ఈ మందు తీసుకున్నవారిలో కొందరికి, ఆపిన ఎనిమిదేళ్ల తర్వాత కూడా మూత్రంలో దాని ఆనవాలు దొరికింది. అతి చేస్తే ఏమవుతుందో 2003లో అమెరికా వైద్యులు ఒక 12 ఏళ్ల బాలుడిలో చూపించారు. మితిమీరి ఎక్కించిన మందుకు అతని ఎముకలు రాయిలా చిక్కబడ్డాయి, అయినా విరిగాయి.

మధ్యలో మానేస్తే ఇంకో చిక్కు. ఆ తర్వాత పెరిగే ఎముక మళ్లీ పాత బలహీనతతోనే వస్తుంది. గట్టి భాగమూ మెత్తని భాగమూ కలిసేచోట విరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే ఎదుగుదల ముగిసేదాకా, మోతాదు తగ్గించుకుంటూనైనా, విడత తప్పకూడదంటారు వైద్యులు.

మా ఆవేదన ఇక్కడే. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లోనే ఈ జబ్బునూ ఈ చికిత్సనూ గుర్తించింది. ఆ విధానం కింద మన గోదావరి జిల్లాలవాళ్లకు దగ్గరి చికిత్సా కేంద్రం మాత్రం హైదరాబాద్. కాలు కదిపితే విరుగుతుందేమోనన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని అమలాపురం నుంచో రాజోలు నుంచో రాత్రంతా బస్సులో వెళ్లాలి. కూలి డబ్బు పోతుంది. ఒక విడత తప్పుతుంది, తర్వాత రెండోది. తప్పిన విడత ఆ బిడ్డ ఎముకలో రాసి ఉంటుంది.

చికిత్స ఎలా సాగాలో పెద్ద కేంద్రం నిర్ణయించనీ, సెలైన్ మాత్రం కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఎక్కించే ఏర్పాటు చేయాలి. ముందుగా విటమిన్ డి, కాల్షియం చూడాలి. మొదటి విడతకు జ్వరం రావచ్చని తల్లికి ముందే చెప్పాలి. టీకాల కార్డులాగే ఒక పుస్తకం ఆమె చేతికివ్వాలి. ఏ రోజు, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఆనాటి బిడ్డ బరువెంత అన్నది అందులో ఉండాలి. రేపు వంకర కాలుకు ఆపరేషన్ చేయబోయే డాక్టరు కత్తి పట్టేముందు అడిగేది ఆ పుస్తకాన్నే. ఈ మందు వాడినచోట కోసిన ఎముక ఆలస్యంగా అతకవచ్చని ఆయనకు తెలుసు.