అన్ని సిస్టులనీ ఒకే గాటన కట్టకండి

క్లోమంలో (పాంక్రియాస్‌లో) సిస్ట్, అంటే నీటితిత్తి, కనబడితే అది క్యాన్సర్‌కి తొలిమెట్టే అన్నట్టు రాశారు మీ వ్యాసంలో, అదేం రాతండీ? మా నాన్నగారికి గాల్‌బ్లాడర్ రాళ్ళ కోసం స్కాన్ తీయిస్తే 14 మి.మీ. సిస్ట్ బయటపడింది. రిపోర్టులో ఆ ఒక్క లైను చదివి రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, మొదట చూసిన డాక్టరు ఏకంగా ఆపరేషనే అనేశాడు (క్లోమం తల భాగాన్ని తీసేసే విప్పుల్ ఆపరేషన్ అంటే చిన్న విషయమా!). రెండో డాక్టరుగారు ఎంఆర్‌సీపీ (క్లోమం, పిత్త నాళాలని చూపించే ఎంఆర్‌ఐ స్కాన్) తీయించి, సిస్ట్ కంటే ముందు క్లోమం ప్రధాన నాళం ఎంత వెడల్పుందో చూశారు. 3 మి.మీ. కూడా లేదు, అంటే మామూలుగానే ఉంది. ఆ నాళం 10 మి.మీ.కి ఉబ్బినా, సిస్ట్ లోపల 5 మి.మీ.కి తగ్గని గడ్డ ఉండి స్కాన్‌లో కాంట్రాస్ట్ మందు పట్టినా, సిస్ట్ పిత్తనాళాన్ని నొక్కేసి కామెర్లు వచ్చినా అప్పుడు ఆపరేషన్ మాట ఎత్తుతారట. 3 సెం.మీ. సైజు, ఏడాదికి 2.5 మి.మీ. పెరుగుదల, కొత్తగా షుగర్ రావడం లాంటివైతే ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా గొట్టం దింపి లోపలినుంచి తీసే స్కాన్) చేస్తారట. పల్చటి నీళ్ళుండే సీరస్ రకం సిస్ట్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, మీరు దాని పేరే ఎత్తలేదు. ఇంకోటి, సిస్ట్‌లోంచి సూదితో తీసిన నీళ్ళలో సీఈఏ అనే ప్రోటీన్ మిల్లీలీటరుకి 192 నానోగ్రాములు దాటితే అది జిగురు రకం సిస్ట్ కావచ్చని అర్థం, క్యాన్సర్ అని కాదు, ఆ అంకె చూసి ఏడ్చేవాళ్ళని వెయిటింగ్ హాల్లో చూశాను. నాన్నగారికి మొదట ఆరు నెలలకి ఒక స్కాన్, తర్వాత ఏడాదిన్నరకోసారి స్కాన్ అన్నారు. మొన్న తీయిస్తే అదే 14.