పాత ఆటోమేటిక్‌కి షిఫ్ట్ కిట్ వేసే ముందు ఇది చదవండి

"గేరు స్లిప్ అవుతోంది, షిఫ్ట్ కిట్ వేయిస్తే సరిపోతుందా?" అని అడిగేవాళ్ళందరికీ నా జవాబు ఒకటే. సరిపోదు. కాలిపోయిన క్లచ్ ప్లేట్లని ఏ కిట్టూ బతికించలేదు, గేర్లు మార్చే ఆయిల్ ప్రెషర్‌ని సర్దే చిన్న విడిభాగాల సెట్టే ఈ కిట్, అది ఉన్నది బాగున్న గేర్‌బాక్స్ ఇంకొన్నేళ్ళు బాగుండడానికి. ఇది తెలిసి కూడా పోయే బండికి కిట్ అంటగట్టి డబ్బులు గుంజే షాపులని చూస్తే ఒళ్ళు మండుతుంది.

నేను మాట్లాడేది 1982లో జీఎం (జనరల్ మోటార్స్) తెచ్చిన 700ఆర్4 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి. నాలుగు గేర్లు, కంప్యూటర్‌తో పనిలేకుండా అంతా ఆయిల్ ప్రెషర్ మీదే గేర్లు మారతాయి. ఇక్కడ టెక్సస్‌లో పాత పికప్‌లు, కమారో కార్లు కొనుక్కుని శని ఆదివారాలు వాటి కిందే గడిపే మనవాళ్ళు కొంతమంది ఉన్నారు, నా 1989 షెవర్లే పికప్‌లో ఉన్నదీ ఈ బాక్సే.

గేరు మారిన సంగతి లోపల కూర్చున్నవాళ్ళకి తెలియకూడదని కంపెనీ దీన్ని మెత్తగా పెట్టింది. సెపరేటర్ ప్లేట్ అనే రేకులో ఆయిల్ వెళ్ళే రంధ్రాలు చిన్నవి, గేరు పట్టే దెబ్బని మెత్తబరిచే అక్యుములేటర్ స్ప్రింగులు మెత్తనివి, కాబట్టి ప్రెషర్ నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కేదాకా ప్లేట్లు ఒకదానికొకటి రాసుకుంటూనే ఉంటాయి. తిరుమల ఘాట్‌లో హాఫ్ క్లచ్ మీద బండి లాగితే ఏమవుతుందో గేరు కార్లు నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు కదా, ఇక్కడా అంతే. కిట్ ఆ రంధ్రాలని పెద్దవి చేస్తుంది, స్ప్రింగులు మారుస్తుంది. క్లచ్ గబుక్కున పట్టుకుంటుంది, వేడి తగ్గుతుంది.

కానీ మనవాళ్ళకి వెనక నుంచి ఎవరో గుద్దినట్టు గేరు పడితేనే కిట్ పనిచేసినట్టు లెక్క! కిట్‌తో వచ్చిన కాగితంలో రాసిన సైజు కంటే పెద్ద డ్రిల్ వేస్తారు. రోజూ ఆఫీసుకి వెళ్ళే బండికి అదెందుకు? ఈ బాక్సులో సన్ షెల్ (మధ్య గేరుని పట్టుకునే డొప్ప లాంటి భాగం) అసలే బలహీనం, దాని మీద ప్రతి గేరుకీ ఓ దెబ్బ.

పని మొదలుపెట్టే ముందు పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం) దించి చూడండి. అడుగున బూడిదరంగు గుజ్జు పల్చగా ఉంటే భయం లేదు. ఆయిల్ నల్లగా మారి మాడు వాసన వస్తున్నా, లోహపు ముక్కలు మెరుస్తున్నా కిట్ ఆలోచన అక్కడే ఆపేయండి, ఆ డబ్బు రీబిల్డ్‌కి (గేర్‌బాక్స్ మొత్తం విప్పి బాగుచేయించడానికి) దాచుకోండి.

ఆయిల్‌ని ఏ గేరుకి పంపాలో చూసే వాల్వ్ బాడీ దించేటప్పుడు, ఆయిల్ దారుల్లో ఉండే చిన్న చెక్ బాల్స్ (గుండ్లు) జారి పడతాయి, ఏది ఎక్కడుందో ముందే ఫోటో తీసుకోవాలి. తిరిగి ఎక్కించేటప్పుడు అవి పడిపోకుండా కొంచెం వ్యాజిలిన్ పెడితే చాలు, అది ఆయిల్‌లో కరిగిపోతుంది. చక్రాల బేరింగులకి వాడే గ్రీజు పెట్టారంటే అది కరగదు, వెళ్ళి ఏ సన్నదారిలోనో అడ్డంపడుతుంది. డ్రిల్ చేసిన రంధ్రం అంచుని వేలితో తడిమి చూడండి, గరుకు తగిలితే నున్నగా గీకి, ప్లేట్ కడిగాకే బిగించండి. బోల్టులకి ఎంత బిగించామో చూపే చిన్న టార్క్ రెంచే వాడాలి, అల్యూమినియం కేసులో మర ఊడిపోవడానికి ఒక్క గట్టి తిప్పు చాలు.

ఇంత చేసినవాళ్ళు కూడా టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్‌ని పట్టించుకోరు, నా బాధంతా అదే. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో బాక్సుకి చెప్పేది ఆ కేబులే. అది వదులుగా ఉంటే ప్రెషర్ తక్కువగా వస్తుంది, గేర్లు తొందరగా మారిపోతాయి, మూడో, నాలుగో గేర్లకి పట్టే క్లచ్ మాడిపోతుంది, అప్పుడు కిట్‌ని తిడతారు. ఇంజిన్ ఆపి, కేబుల్ దగ్గరున్న బటన్ నొక్కి స్లైడర్‌ని పూర్తిగా వెనక్కి తోసి వదలండి. తర్వాత థ్రాటిల్‌ని చేత్తో చివరిదాకా తిప్పండి, టకటకమని తనే సర్దుకుంటుంది. పాత ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసేసి కార్బురేటర్ వేసుకున్నవాళ్ళకి మాత్రం ఈ సర్దుబాటు ఒక్కటే సరిపోదు. కేబుల్ తగిలించే చోటు మారిపోయి లాగుడు లెక్క తప్పుతుంది, ఆ కార్బురేటర్‌కి సరిపోయే బ్రాకెట్ కొని బిగించాకే బండి రోడ్డెక్కించండి.