క్రిస్మస్‌కి బొమ్మలొద్దు, అనుభవాలు ఇవ్వండి అంటారు సరే, మరి ఆ తర్వాత?

డిసెంబర్ రాగానే ఒక పేరెంటింగ్ సలహా గ్యారంటీగా కళ్లబడుతుంది, పిల్లలకి ఇంకా ఇంకా బొమ్మలు కొనకండి, ఆ డబ్బుతో జూకి తీసుకెళ్లండి, టెంట్ వేసుకుని పడుకోండి, అందరూ కలిసి ఏదైనా నేర్చుకోండి అని. నేనూ ఆ పార్టీనే. కానీ దీన్ని చెప్పే తీరులోనే ఒక తిరకాసుంది, టికెట్లు బుక్ చేసేస్తే మన పని అయిపోయినట్టు, మిగతాదంతా పిల్లల బుర్రలో దానంతటదే జరిగిపోతుందన్నట్టు చెప్తారు. అలా అయితే బొమ్మ కొన్నదానికీ దీనికీ తేడా ఏంటి, డబ్బు వేరే కౌంటర్లో కట్టాం అంతేగా.

ముందు బొమ్మల సంగతి చూద్దాం, ఇక్కడ పెద్దగా వాదించుకోడానికి ఏం లేదు. అమెరికాలో టొలెడో యూనివర్సిటీ వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వయసున్న 36 మంది పిల్లల్ని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చి గమనించారు, ఆ పరిశోధన పేపర్ 2018లో వచ్చింది. 4 బొమ్మలున్నప్పుడే ఒక్కోదాంతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారంట. 16 ఉంటే ఒకటి పట్టుకునేలోపే చూపు పక్కదాని మీదకి పోతుంది. క్రిస్మస్ పొద్దున చెట్టు కింద జరిగేది సరిగ్గా ఇదే, మొదటి రెండు పార్శిళ్లు విప్పేటప్పుడు ఉన్న కేరింత ఏడోదో ఎనిమిదోదో వచ్చేసరికి ఉండదు, బొమ్మ మొహం కూడా సరిగ్గా చూడకుండా పక్కన పడేసి ఇంకా ఏముంది అని చెయ్యి చాపుతారు. ఇంకోవైపు నాన్న నేల మీద కూర్చుని బ్యాటరీ మూతకున్న చిన్న స్క్రూ తియ్యలేక, సైజుకి సరిపోయే స్క్రూడ్రైవర్ దొరక్క తిప్పలు పడుతుంటాడు, తీరా అది పనిచేసే టైమ్‌కి పిల్లాడు ఆ బొమ్మనే మర్చిపోయి ఖాళీ అట్టపెట్టెలో దూరి కూర్చుంటాడు.

మరి అనుభవాలే గొప్పవనడానికి ఆధారం ఏంటంటే, ఎక్కువమంది చూపించేది వాన్ బోవెన్, గిలోవిచ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2003లో వేసిన పేపర్. వస్తువు కొనుక్కున్న దానికంటే ఏదైనా చేసిన, ఎక్కడికైనా వెళ్లిన జ్ఞాపకమే మనుషులకి ఎక్కువ సంతోషం ఇస్తుందని అందులో తేల్చారు. మంచిదే, కానీ వాళ్లు అడిగింది పెద్దవాళ్లని! పిల్లల్ని అడిగిన పేపర్ 2020లో వచ్చింది, లాన్ చాప్లిన్ అనే ప్రొఫెసర్, ఆవిడ టీమ్ చేశారు, మూడేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా పిల్లలతో. తేలిందేంటంటే చిన్న పిల్లలకి వస్తువులే ఎక్కువ సంతోషం, వయసు పెరిగే కొద్దీ అది అనుభవాల వైపు జరుగుతుంది. అంటే మనం ఎవరికైతే బొమ్మలు మాన్పించాలని అంత హడావుడి పడుతున్నామో వాళ్లే బొమ్మల పక్షం అన్నమాట.

దీనికి వాళ్లు చెప్పిన కారణం మాత్రం చాలా పనికొచ్చేది. జరిగిపోయిన అనుభవంలోంచి ఆనందం రావాలంటే అది గుర్తుండాలి, పక్కనున్నవాళ్లు అప్పుడు ఏమనుకున్నారో, ఎందుకు నవ్వారో అర్థం కావాలి. ఈ రెండూ చిన్నపిల్లల్లో ఇంకా తయారవుతూ ఉంటాయి. బొమ్మకైతే ఆ బాధ లేదు, రేపు పొద్దున లేచేసరికి మంచం పక్కనే ఉంటుంది, దాన్ని గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లని ఎంతో ఖర్చుపెట్టి పెద్ద పార్కుకి తీసుకెళ్లి రాత్రి ఏం నచ్చిందమ్మా అని అడిగితే, ఎస్కలేటర్ అంటుంది. నవ్వొస్తుంది కానీ అందులో దాని తప్పేం లేదు, మనం చూపించాలనుకున్నది వేరు, అది చూసింది వేరు.

కాబట్టి చిన్నపిల్లలకి అనుభవం ఇవ్వడమంటే వెళ్లొచ్చాక దాని గురించి మాట్లాడటం కూడా అందులో భాగమే, నన్నడిగితే పెద్ద భాగం అదే. రాబిన్ ఫైవుష్, ఎలేన్ రీస్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేశారు, అమ్మానాన్నలు జరిగినదాని గురించి పిల్లలతో ఎలా మాట్లాడతారు అని. కొందరు పరీక్ష పెట్టినట్టు అడుగుతారు. "మొన్న ఎక్కడికెళ్లాం?" "రైల్లో." "ఇంకా?" "..." అయిపోయింది. ఇంకొందరు పిల్లాడు ఇచ్చిన ముక్కనే పట్టుకుని లాగుతారు. "అవును కదా, రైలెక్కాం, అప్పుడు టికెట్ చూడ్డానికి ఒకాయన వచ్చాడు, నువ్వేం చేశావ్ రా?" "దాక్కున్నా!" "ఎక్కడ దాక్కున్నావ్?" "అమ్మ చున్నీలో!" "ఎందుకు, భయమేసిందా?" ఇలా మాట్లాడే ఇళ్లలో పిల్లలు తమకి జరిగినవాటిని ఎక్కువ వివరంగా గుర్తుపెట్టుకుని చెప్పగలుగుతారని వాళ్లు చూపించారు. ఫైవుష్, మార్షల్ డ్యూక్ అనే ఇంకో సైకాలజిస్టు కలిసి అమెరికాలోని ఎమోరీ యూనివర్సిటీలో, ఇంటి సంగతులు పిల్లలకి ఎంత తెలుసో చూడ్డానికి 20 ప్రశ్నల పట్టిక కూడా ఒకటి తయారుచేశారు, అమ్మానాన్న ఎలా కలిశారో తెలుసా, నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగిందో తెలుసా, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకి నమ్మకం ఎక్కువ కనిపించింది. అలాగని ఆ 20 జవాబులు కంఠతా పట్టిస్తే పిల్లలు ధైర్యవంతులైపోరు, తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇల్లయితేనే అవన్నీ తెలుస్తాయి, అసలు సంగతి అక్కడుంది.

వెళ్లడానికి ముందు ఎదురుచూడటం ఇంకో సంగతి. గిలోవిచ్ ఇంకొందరితో కలిసి 2014లో వేసిన పేపర్లో, వస్తువు కోసం చూసే ఎదురుచూపు కంటే అనుభవం కోసం చూసే ఎదురుచూపే హాయిగా ఉంటుందని చెప్పారు (ఇదీ పెద్దవాళ్ల లెక్కే). పిల్లలకైతే ఆ ఎదురుచూపు కంటికి కనబడాలి. చుట్టూ పిల్లలంతా పెట్టెలు విప్పుకుంటుంటే ఐదేళ్లవాడి చేతిలో ఒక కవరు పెట్టి "వచ్చే నెల క్యాంపింగ్‌కి వెళ్తున్నాం నాన్నా" అంటే వాడికి అది గిఫ్టే కాదు, పైగా అవమానం. అదే ఒక టార్చిలైటు, వాడి సైజు బ్యాగు పెట్టెలో పెట్టిచ్చి, క్యాలెండర్‌లో రోజూ ఒక గడి కొట్టేయిస్తే, వెళ్లేలోపే దుప్పటి కింద ఆ టార్చి వేసుకుని సగం ట్రిప్పు అయిపోతుంది. టార్చి కూడా బొమ్మే కదా అంటారేమో, అయితే ఏం, ఒక్క బొమ్మ.

ఈ అనుభవాల మాటని కూడా వ్యాపారం ఎప్పుడో అందిపుచ్చుకుంది. ఫొటో ప్యాకేజీతో సహా అమ్ముతున్నారు, క్యూలో గంట నిలబడి, పిల్లాడు నిద్రకి ఏడుస్తుంటే నవ్వమ్మా నవ్వు అంటూ రీల్ తీసుకుని వచ్చేస్తే అది ఎవరి అనుభవమో నాకైతే తెలీదు. మీరు కూడా నేల మీద కూర్చుని ఆడతానంటే, ఇంట్లో మూలన పడున్న బోర్డ్ గేమ్ దీనికంటే చాలా మెరుగు.

అన్నిటికంటే నాకు ఇబ్బందిగా అనిపించేది వేరే. డిసెంబర్‌లో డెలివరీలు చేసేవాళ్లకి, షాపుల్లో పనిచేసేవాళ్లకి, హాస్పిటల్లో నైట్ షిఫ్ట్ వాళ్లకి సెలవు దొరకదు. వాళ్ల దగ్గర లేనిదే టైమ్, బొమ్మ కొనడానికి పది నిమిషాలు చాలు, పిల్లతో ఒక రోజంతా గడపాలంటే ఆ రోజు జీతం పోతుంది. అలాంటివాళ్లకి బొమ్మలు కొనకండి, టైమ్ ఇవ్వండి అని క్లాసు పీకడం నా దృష్టిలో అన్యాయం. వాళ్లకి చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఒకటే, రోజు మొత్తం అక్కర్లేదు, పైన చెప్పిన రైలు కబుర్లకి నిద్రపోయే ముందు పదిహేను నిమిషాలు సరిపోతాయి.

ఇక తాతయ్యలు, అమ్మమ్మలు, బాబాయిలు. ఇంట్లో మీరు ఎంత పొదుపుగా ఉన్నా వాళ్లు సంచులతో దిగుతారు, డిసెంబర్ 24న ఫోన్ చేసి వద్దంటే బాధపడతారు కూడా. నవంబర్‌లోనే చెప్పాలి, అది కూడా "కొనకండి" అని చెప్పకుండా "దీన్ని ఒక రోజు మీతో తీసుకెళ్తారా, మీకు వచ్చిన పని ఏదైనా నేర్పిస్తారా" అని అడిగితే వినే అవకాశం ఎక్కువ. అయినా తెస్తే తీసుకోండి, గొడవెందుకు. తీసుకుని, తెచ్చిన తాతయ్యనే పక్కన కూర్చోబెట్టి, బ్యాటరీలు వేసే పని కూడా ఆయనకే అప్పజెప్పండి.