ఆ పిల్లల మీద ముద్ర వేయకండి

తండ్రి చేతిలో దెబ్బలు తిని పెరిగిన కొడుకు రేపు తన భార్యనూ అలాగే కొడతాడని మీ పత్రికలో గృహహింసపై వచ్చిన వ్యాసంలో తేల్చి చెప్పారు. ఆధారంగా మనస్తత్వ శాస్త్రవేత్త బందూరా 1961 నాటి ప్రయోగాన్ని చూపారు. పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పసిపిల్లలు తామూ కొట్టిన మాట నిజమే. అయితే అది బొమ్మ, కొద్ది నిమిషాల ఆట. దాన్ని బట్టి ఒక మనిషి జీవితమంతా నిర్ణయించడం అన్యాయం.

అమెరికాలో పరిశోధకురాలు కేథీ విడమ్ 1989లో ప్రచురించిన అధ్యయనం చూడండి. చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైన 908 మందిని, అలాంటిదేమీ నమోదు కాని 667 మందితో ఆమె పోల్చారు. మైనర్లుగా ఉండగా అరెస్టయినవారు మొదటి గుంపులో 26 శాతం, రెండో గుంపులో 17 శాతం. ముప్పు పెరిగింది, కాదనను. కానీ నూటికి 74 మంది ఆ వయసులో ఒక్కసారీ అరెస్టు కాలేదు! వాళ్లను నిలబెట్టినది ఏమిటన్న ప్రశ్న వ్యాసంలో ఎక్కడా లేదు.

నేను బడిలో పాఠాలు చెబుతాను. బోర్డు తుడవడానికి చెయ్యెత్తితే చాలు, రెండు చేతులతో తల కప్పుకునే పిల్లవాడు నా తరగతిలో ఉన్నాడు. పక్కవాడికి పెన్సిల్ లేకపోతే తనది సగానికి విరిచి ఇచ్చేదీ వాడే. వాడి ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు. "ఆ తండ్రికి కొడుకేగా" అనేవాళ్లూ ఉన్నారు. చదువుకున్నవాళ్లు సిద్ధాంతం పేరుతో ఆ మాటనే బలపరిస్తే ఎలా? వాడి తల్లికి 2005 గృహహింస చట్టం ఉంది, వాడికి పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఉంది. దయచేసి వాటి గురించి రాయండి.