ఛారిటీలో ఐటీ ఏంది అని నవ్విన పెద్దాయనకు

పోయిన నెల గిద్దలూరులో పెళ్ళి. మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన పట్టుకున్నాడు. "ఏం కంపెనీ అబ్బాయ్?" సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు సాయం చేసే స్వచ్ఛంద సంస్థ, అందులో ఐటీ మొత్తం నేనే చూస్తా అన్నాడు అన్న. పెద్దాయన పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "అయితే జీతం ఇస్తారా?" అన్నాడు. బంతిలో అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నాకే ఒళ్ళు మండింది. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

ఇస్తారు పెద్దాయనా. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసేటప్పుడు వచ్చినంత రాదు, అంతే. తెలిసే వెళ్ళాడు.

అమెరికాలో ఈ కోవలో పాతది యూఎస్ఓ, అంటే యునైటెడ్ సర్వీస్ ఆర్గనైజేషన్స్. 1941లో, రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉండగా, ఆరు సేవా సంస్థలు కలిసి పెట్టుకున్నది. సర్కారు శాఖ కాదు, విరాళాల మీద ఆధారపడుతుంది. విమానాశ్రయాల్లో సైనికులు నడుం వాల్చడానికి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి గదులు నడుపుతుంది. అన్న పనిచేసేది అది కాదు, అంతకంటే చాలా చిన్నది. పని మాత్రం ఆ తరహాదే.

అందులో ఐటీ పని ఎంత చాకిరో అన్న చెబితే తెలిసింది. వాలంటీర్లు వస్తుంటారు, పోతుంటారు. ప్రతి ఒక్కరికీ లాగిన్ ఇవ్వాలి, మానేసిన రోజే తీసెయ్యాలి. ఎందుకంటే ఆ కంప్యూటర్లలో ఉండేది ఏ సైనికుడు ఎక్కడున్నాడు, ఇంట్లో భార్యాబిడ్డలు ఎంతమంది అన్న వివరాలు. 2018లో స్ట్రావా అనే వ్యాయామం యాప్ మ్యాపులో, సైనికులు పరుగెత్తిన దారులను బట్టి ఎక్కడో ఎడారిలో ఉన్న స్థావరాలు బయటపడ్డాయి. ఉదయం పూట జాగింగే అంత పని చేస్తే, ఇంటి అడ్రసుల జాబితా దొంగల చేతిలో పడితే?

ఇంత జాగ్రత్తకు డబ్బు అడిగితే దాతలు ముఖం చిట్లిస్తారట. దుప్పట్లకు ఇస్తారు, బిస్కెట్లకు ఇస్తారు. సర్వర్‌కు అంటే "ఆఫీసు ఖర్చులకా?" అంటారు. మనమేం తక్కువ కాదు లెండి. డిసెంబర్ 7న సైనికుల సంక్షేమం కోసం పతాక దినోత్సవం డబ్బా వస్తే పది రూపాయలేసి, జెండా గుచ్చుకుని, ఫొటో దిగుతాం. 1949 నుంచీ ఉంది ఆ రోజు.

మా బాబాయి హవల్దార్‌గా రిటైరయ్యాడు. పిన్ని పేరు ఆర్మీ రికార్డులో సుబ్బమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ. రేపు తనకేదన్నా అయితే ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుందేమోనని ఆయన టెన్షన్. పేరు సరిచేయమని పెట్టిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. నెట్ సెంటర్ కుర్రాడు ఏం అప్‌లోడ్ చేశాడో ఆయనకు తెలియదు, ఎందుకు తిరిగొచ్చిందో చెప్పే నాథుడు లేడు. సరిహద్దులో మంచుకు వణకని మనిషి, నెట్ సెంటర్ బల్ల మీద ప్లాస్టిక్ కవర్లోంచి డిశ్చార్జ్ బుక్కు తీసేటప్పుడు వణికాడు. నేను పక్కనే ఉన్నా.

ఆయనకు దుప్పటి ఎందుకు? ఆ స్క్రీన్ మీద ఏముందో చదివి చెప్పే మనిషి కావాలి. ఒక సైనికుడి ఇంటికి ఇంతకంటే పెద్ద సేవ ఏముంటుందో ఆ బంతిలో నవ్వినవాళ్ళు చెప్పాలి నాకు.

పెళ్ళి మర్నాడు అన్న ల్యాప్‌టాప్ తీసుకుని బాబాయి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. కరెంటు రెండుసార్లు పోయింది. తిరిగొచ్చిన కాగితాలన్నీ తిప్పిచూస్తే, బాబాయి పెళ్ళి నమోదైన పార్ట్ టూ ఆర్డర్ (సైనికుడి కుటుంబ వివరాలు ఎక్కించే ఆర్మీ కాగితం) కాపీలో పిన్ని పేరున్న పేజీయే స్కాన్ కాలేదు. ముందు పేజీ రెండుసార్లు ఎక్కింది. సరిచేసి మళ్ళీ పెట్టాడు.

ఇవాళ పొద్దున కూడా చూశా. "పరిశీలనలో ఉంది" అనే చూపిస్తోంది.