26వ తరగతిలో చేరిన విమానం

మన దగ్గర పిల్లాడు పదో తరగతి గట్టెక్కితేనే వీధంతా మిఠాయిలు పంచుతాం. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సైన్యంలో విమానాలు ఏకంగా 26వ తరగతిలో చేరేవి. అర్హత ఒక్కటే: ఇక ఎగరడానికి పనికిరాకపోవడం. 'క్లాస్ 26' అని రాస్తే అది మెకానిక్ కుర్రాళ్ల పాఠాలకు ఇచ్చేసిన సామాను. నిన్నటి ఫైటర్ ఒక్క సంతకంతో నల్లబల్ల పక్కకి చేరేది.

1962లో మూడు దళాలకూ ఒకే పేర్ల పద్ధతి తెచ్చి, ఈ పదవీ విరమణను ఒక్క అక్షరంలోకి కుదించారు. ముందు 'జీ' తగిలిస్తే శాశ్వతంగా నేలపాలు అని అర్థం. ఎఫ్-16 కాస్తా జీఎఫ్-16 అవుతుంది, టెక్సాస్‌లోని షెపర్డ్ స్థావరంలో పాఠాలకు కూర్చుంటుంది. మనవాళ్లకి రిటైరయ్యాక పేరు ముందు 'మాజీ' వస్తుంది. విమానానికి ఆ 'మా' కూడా దక్కలేదు.

బ్రిటిష్ వాయుసేనది ఇంకా పకడ్బందీ లెక్క. పాడైన విమానాన్ని కేటగిరీ 5లో పడేసి, పక్కన 'జీఐ' అని రాస్తే నేలమీది పాఠాలకి, 'స్క్రాప్' అని రాస్తే తుక్కుకి. పాఠాలకి వెళ్లేదానికి పాత నంబరు బదులు ఎం అక్షరంతో ముగిసే కొత్త నంబరు. అర్జెంటీనాతో యుద్ధంలో, 1982 మే 1న ఫాక్‌లాండ్స్ దీవుల రన్‌వే మీద బాంబులు వేసొచ్చిన వల్కన్ బాంబర్ ఎక్స్‌ఎం607, తర్వాత 8779ఎం అయింది. దాని పేరులో అప్పటికే ఒక ఎం ఉంది, అది చాల్లేదు. స్థావరంలో ప్రదర్శనకి నిలబెట్టినా సరే, దస్త్రానికి ఎం కావాలి.

ఇంత కట్టుదిట్టంగా నేలకి కట్టేసినా, 5690ఎం అనే స్పిట్‌ఫైర్, రెండో ప్రపంచయుద్ధం నాటి ఫైటర్, మాట వినలేదు. అసలు నంబరు ఎంకే356. 1997లో మళ్లీ ఎగిరింది. ఆ ఎం వేసిన గుమాస్తా ముఖం చూడాలనిపిస్తుంది.

ఇక తరగతి గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. ముందు పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీటు కార్ట్రిడ్జులు, కాక్‌పిట్ పైకప్పును పేల్చే మందు, ఆక్సిజన్ సీసాలు, ఇంధనం తీసేస్తారు. అది మరచిపోతే పాఠం నేర్చుకున్నవాడే మిగలడు. తర్వాత బ్యాచ్ మీద బ్యాచ్ అదే ప్యానెల్ విప్పుతుంది, అదే బిగిస్తుంది. స్క్రూ తలలు అరిగిపోతాయి, ఎంత బిగించాలో కొలిచి చెప్పే టార్క్ రెంచ్‌ని లక్ష్యపెట్టని కుర్రాడి చేతిలో మరలు జారిపోతాయి. యుద్ధం చేయలేని నష్టం స్క్రూడ్రైవర్ చేస్తుంది. ఎక్కువకాలం వాడని హైడ్రాలిక్ సీళ్లు ఎండిపోయి, చక్రాలు ఎత్తి చూపిద్దామని జాకీల మీద నిలబెట్టి ప్రెషర్ ఇచ్చిన రోజునే ఎర్రనూనె కారుస్తాయి. పైగా ఎగిరే విమానానికి ఏదైనా భాగం దొరక్కపోతే ఎవరో ఒకరు వచ్చి పాఠ్యపుస్తకంలోంచి పేజీ చించుకుపోతారు. మర్నాటి విద్యార్థికి గొట్టం ఉంటుంది, దాని చివర పంపు ఉండదు. 'ఊహించుకో' అంటాడు బోధకుడు.

అన్నిటికంటే గంభీరమైన వస్తువు చక్రాల కాలి దగ్గర వేలాడుతుంది. నేలమీద ఉండగా కాలు ముడుచుకుపోకుండా పెట్టే లాక్ పిన్నుకి కట్టిన ఎర్రగుడ్డ అది. పిన్ను తీసేస్తే, ఎవరైనా లీవరు తప్పు లాగితే, విమానం కడుపు మీద కూలబడుతుంది. అందుకే రోజూ లెక్కపెడతారు. గుడ్డ మీద తెల్లని అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి: 'రిమూవ్ బిఫోర్ ఫ్లైట్'.