లైపోసక్షన్‌తో టేపు కొలత తగ్గుతుంది, గుండె ముప్పు కాదు

ఆపరేషన్‌తో పొట్ట తీయించేసుకుంటే షుగరూ బీపీ కూడా వాటంతట అవే దారికొస్తాయనుకునేవాళ్లు అమలాపురం నుంచి భీమవరం దాకా తగులుతూనే ఉంటారు. ఆకారం కోసమైతే లైపోసక్షన్, అంటే చర్మం కిందికి గొట్టం దూర్చి కొవ్వు లాగేసే ఆపరేషన్, వాళ్ల ఇష్టం. గుండె కోసమంటేనే పేచీ.

2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం 15 మంది స్థూలకాయ మహిళల పొట్టలోంచి సగటున 9 కిలోలకు పైగా కొవ్వు తీసింది. వాళ్లలో ఏడుగురికి షుగర్ ఉంది. 10-12 వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ మెరుగుపడలేదు. వారిలో కొందరిని నాలుగేళ్ల దాకా గమనించినా అదే ఫలితం. కొంత మేలు కనబడిన చిన్న అధ్యయనాలూ లేకపోలేదు గానీ, వాటిని నమ్ముకుని మాత్రలు మానేయలేం.

కారణం అర్థం కానిదేమీ కాదు. గొట్టం లాగేది చర్మం కింద కొవ్వునే. షుగర్‌కీ గుండెజబ్బుకీ ఎక్కువగా దారి తీసేది పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు. అక్కడికి గొట్టం వెళ్లదు. తిండి తగ్గించి, ఒళ్లు వంచితే మాత్రం ఆ లోపలి కొవ్వు కరుగుతుంది. 2012లో బ్రెజిల్ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. మామూలు బరువున్న మహిళలకు పొట్ట మీద కొద్దిపాటి లైపోసక్షన్ చేస్తే, వ్యాయామం చేయనివాళ్లలో ఆరు నెలలకు లోపలి కొవ్వు 10 శాతం దాకా పెరిగింది. చేసినవాళ్లలో పెరగలేదు.

నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. ఆ కొలత లోపలి కొవ్వుకు ఆనవాలు కాబట్టే దానికంత విలువ. లైపోసక్షన్ ఆనవాలును చెరిపేసి అసలుదాన్ని అలాగే ఉంచుతుంది. సన్నటి చేతులు కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట ఉన్న మన మనుషులకు ఈ మోసం ఇంకా ప్రమాదం.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలను పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. దీనికి పూతరేకులనీ కాజానీ తిట్టడం తేలిక. అవి పండక్కో పెళ్లికో తినేవి. రోజూ కంచంలో గుట్టగా ఉండేది అన్నం. కోత యంత్రం కోస్తోంది, చేపల చెరువు గట్టు మీదికి బండి వెళ్తోంది, అన్నం మాత్రం నాట్లేసిన రోజుల్లో తిన్నంతే తింటున్నాం.

లైపోసక్షన్ క్లినిక్‌కి వెళ్లేవాళ్లు ముందే మూడు నెలల షుగర్ సగటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), కాలేయం స్కాన్ చేయించుకోవాలి. ఆరు నెలలకు మళ్లీ చేయించుకుని, పాత కాగితాలు పక్కన పెట్టి చూసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రల సంగతి ఆ కాగితాలు చూసి ఫిజీషియన్ తేల్చాలి, అద్దం కాదు.